తీస్తే తంటా, తీయకపోతే తంటా: అమెరికా పార్కింగ్ లాట్లలో మంచు, చట్టం, బాధ్యత

అమెరికాలో చలి ఎక్కువగా ఉండే ఊళ్ళలో కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్ళకి మొదటి శీతాకాలంలోనే ఎవరో ఒకరు ఒక సలహా ఇస్తారు. "పార్కింగ్ లాట్‌లో మంచు జోలికి పోకు. దానంతట అది పడింది, దానంతట అదే కరుగుతుంది. పార పట్టుకున్నావో, ఆ తర్వాత ఎవరు జారిపడ్డా కేసు నీ మెడకే చుట్టుకుంటుంది." గ్యాస్ స్టేషన్ ఓనర్లు, ఇండియన్ గ్రోసరీలు నడిపేవాళ్ళు, రెస్టారెంట్లవాళ్ళు ఈ మాటను ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉంటారు. వినడానికి తలకిందులుగా ఉన్నా ఇది గాల్లోంచి పుట్టిన మాట కాదు. కొన్ని రాష్ట్రాల్లో చట్టం నూరేళ్ళకు పైగా దాదాపు ఇలాగే నడిచింది. కొన్నిచోట్ల ఇప్పటికీ దాని ఛాయలున్నాయి.

అయినా ఈ సలహాను నమ్ముకుని లాట్‌ను దాని మానాన వదిలేయడం పొరపాటు. చట్టం మారిపోయిన రాష్ట్రాల్లో ఇది తప్పుడు సలహా. మారని రాష్ట్రాల్లో కూడా ఇది కాపాడే సందర్భాలు ఓనర్లు అనుకునేదానికన్నా చాలా తక్కువ. కేసుల సంగతి అటుంచినా, జారిపడి తుంటి విరిగిన ఒక పెద్దావిడ మళ్ళీ మామూలుగా నడవలేకపోవచ్చు. దుకాణం తెరిచి "రండి" అని పిలిచాక, లోపలికి నడిచి వచ్చే దారి గురించి పట్టించుకోకపోవడం ఏ లెక్కన చూసినా సరైంది కాదు.

ఒకే ఏడాది, రెండు దారులు

ఈ సలహా పుట్టుక మసాచుసెట్స్‌లో ఉంది. 1883లో అక్కడి సేలం పట్టణంలోని నామ్‌కీగ్ స్టీమ్ కాటన్ కంపెనీ అనే బట్టల మిల్లు మీద ఒక కేసు నడిచింది. మిల్లు అద్దెకిచ్చిన ఇంటి మెట్ల మీద మంచు పేరుకుని, ఒకరు జారిపడ్డారు. సహజంగా కురిసి గడ్డకట్టిన మంచును తీయించాల్సిన బాధ్యత ఓనర్‌కు లేదని కోర్టు తేల్చింది. మంచు అనేది వాతావరణమే తప్ప భవనంలోని లోపం కాదన్నది దాని వెనకున్న ఆలోచన. కాలక్రమంలో ఈ సూత్రం అద్దె ఇళ్ళ మెట్లు దాటి దుకాణాలకూ మాల్స్‌కూ పాకింది.

అక్కడినుంచి తగాదా అంతా ఒకే ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: పడిన చోట ఉన్నది 'సహజమైన' మంచా, 'అసహజమైన' మంచా? ఆకాశం నుంచి పడి అలాగే ఉంటే సహజం. మనిషి చేసిన పని వల్ల దాని తీరు మారితే అసహజం. మొదటిదానికి ఓనర్ బాధ్యుడు కాడు, రెండోదానికి అవుతాడు. మరి ప్లో (మంచు తోసే బండి) పక్కకు నెట్టిన కుప్ప సంగతేమిటి? కుప్ప కరిగి పారిన నీరు రాత్రి గడ్డకడితే? తీయగా అడుగున మిగిలిపోయిన పలచటి పొర? లాయర్లు ఏళ్ళ తరబడి వీటి మీదే వాదించుకున్నారు. పడ్డ మనిషికి తగిలిన దెబ్బ ఎంత, దాన్ని ఆపడం ఓనర్‌కు ఎంత సులువు అనే అసలు విషయాలు పక్కకుపోయాయి. ముట్టుకోకుండా ఉంటేనే క్షేమం అన్న సలహాకు బలం ఇక్కడే వచ్చింది.

2002 డిసెంబర్ 20న డాన్వర్స్‌లోని లిబర్టీ ట్రీ మాల్‌లో, టార్గెట్ స్టోర్ ముందున్న పార్కింగ్ లాట్‌లో ఒక కస్టమర్ నేలకు అతుక్కుపోయిన ఐస్ ముక్క మీద కాలేసి జారిపడ్డాడు. పక్కనే మీడియన్ (లాట్ మధ్యలోని గట్టు) మీద ప్లో నెట్టిన మంచు కుప్ప ఉంది. ఆ గడ్డ కుప్ప నుంచి జారి పడిందో, కుప్ప కరిగి నీరు మళ్ళీ గడ్డకట్టిందో తెలియదు. ఎలా చూసినా అది సహజమైన మంచే అంటూ కింది కోర్టు విచారణ దాకా రానివ్వకుండానే కేసు కొట్టేసింది. 2010 జూలై 26న రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది. దాంతోపాటు 1883 నుంచి వస్తున్న సహజ, అసహజ తేడానే ఎత్తేసింది. తీర్పు రాసిన జస్టిస్ రాల్ఫ్ గాంట్స్ తర్కం సూటిగా ఉంటుంది. తుప్పుపట్టిన రెయిలింగ్ అయినా, నేల మీద పడేసిన అరటి తొక్క అయినా, మంచు అయినా, ప్రమాదం ఉందని ఓనర్‌కు తెలిస్తే లేదా తెలిసి ఉండాల్సినదైతే, వచ్చేవాళ్ళు దెబ్బ తినకుండా తగిన జాగ్రత్త తీసుకోవాలి. మంచుకు మాత్రం ప్రత్యేక మినహాయింపు ఎందుకు?

ఆ జాగ్రత్త అందరికీ ఒకే కొలత కాదని కూడా తీర్పు చెప్పింది. ఎంతమంది నడుస్తారు, ప్రమాదం ఎంత పెద్దది, తీయించడానికి ఎంత శ్రమ, ఎంత ఖర్చు అన్నవి చూడాలి. సొంతింటి ఓనర్, అపార్ట్‌మెంట్ ఓనర్, దుకాణదారు, వృద్ధాశ్రమం నడిపేవారు అందరికీ బాధ్యత ఉంది. కానీ ఒక్కొక్కరి నుంచి ఆశించే పని వేరు. అప్పటికే కోర్టుల్లో ఉన్న కేసులకూ ఇది వర్తించింది. సలహా పుట్టిన చోటే దానికి నూకలు చెల్లాయి.

అదే 2010లో, దాదాపు రెండున్నర నెలల ముందు, టెక్సస్ సుప్రీంకోర్టు ఎదురు దారి పట్టింది. టెంపుల్ పట్టణంలోని ఒక ఆసుపత్రి ఆవరణలో ఐస్ మీద జారిపడిన కేసు అది. ఆరుబయట సహజంగా గడ్డకట్టిన ఐస్, వాన తర్వాత బురద లాంటిదేననీ, అది చట్టం దృష్టిలో అసమంజసమైన ప్రమాదం కాదనీ కోర్టు చెప్పింది. ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోలలో దుకాణాలున్న తెలుగువాళ్ళకు ఈ తీర్పు ఊరటగానే కనిపిస్తుంది. అయితే అందులో చాలామంది చూడని ఇంకో మాట ఉంది. సహజమైన ఐస్ మీద ఉప్పు చల్లినంత మాత్రాన, పారతో తీసినంత మాత్రాన అది అసహజమైనదిగా మారిపోదని అదే కోర్టు స్పష్టంగా చెప్పింది. అలా కాదంటే, వచ్చేవాళ్ళ మంచి కోరి శుభ్రం చేసిన వ్యాపారికే శిక్ష పడినట్టవుతుందన్నది దాని కారణం. అంటే ఓనర్లకు బాగా అనుకూలమైన రాష్ట్రంలో కూడా "ముట్టుకుంటే మునిగావు" అన్న మాట నిలవలేదు.

రాష్ట్రానికో పద్ధతి

ఇలినాయ్, ఒహాయోలలో సహజమైన మంచుకు ఓనర్ బాధ్యత లేదన్న పాత సూత్రం ఇంకా నడుస్తోంది. ఇలినాయ్‌లో 1979 నాటి ఒక చట్టం ఇంటి ముందు నడకదారి శుభ్రం చేసినవారికి రక్షణ కూడా ఇస్తుంది. మంచు తీసేవాళ్ళను ప్రోత్సహించడమే దాని ఉద్దేశం. కానీ అది నివాస గృహాలకు మాత్రమే. స్ట్రిప్ మాల్‌లో (ఒకే లాట్ ముందు వరసగా దుకాణాలుండే చోట) రెస్టారెంట్ ఉన్నవాళ్ళు దాన్ని చూపించుకోలేరు.

పెన్సిల్వేనియాలో "గుట్టలు, గట్లు" అనే పద్ధతి ఉంది. ఊరంతా జారుడుగా ఉన్న రోజున పడితే, ఆ మంచు గుట్టలుగా, గట్లుగా పేరుకుని నడకకు ప్రమాదంగా మారిందనీ, ఆ సంగతి ఓనర్‌కు తెలిసి ఉండాల్సిందనీ, పడింది దాని వల్లేననీ బాధితుడు నిరూపించాలి. ఊరంతా పొడిగా ఉండి, ఒక్కచోటే ఐస్ మడుగులా ఉంటే మాత్రం ఈ రక్షణ దొరకదు. పగిలిన పైపు నుంచి కారిన నీరు గడ్డకట్టినా దొరకదు.

న్యూజెర్సీ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎడిసన్ చుట్టుపక్కల ఎన్ని తెలుగు వ్యాపారాలున్నాయో అందరికీ తెలిసిందే. 1981లోనే ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దుకాణం ముందున్న పేవ్‌మెంట్‌ను బాగా ఉంచే బాధ్యత వ్యాపార స్థలం ఓనర్‌దేనని చెప్పింది. రెండేళ్ళకు మంచు, ఐస్ కూడా అందులోకే వస్తాయని తేల్చింది. మరి మంచు ఇంకా కురుస్తుండగానే తీయాలా? 2015 జనవరి 12 ఉదయం ప్రిన్స్‌టన్‌లో పనికి నడిచి వెళ్తున్న ఒక వ్యక్తి, ఓ వ్యాపార స్థలం డ్రైవ్‌వే అంచున కంటికి కనిపించని ఐస్ మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పటికి మంచు కలిసిన చిరుజల్లు పడుతూనే ఉంది. అప్పీలు కోర్టు ఓనర్‌కు బాధ్యత ఉందంది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. తుఫాను ఆగాక సమంజసమైన వ్యవధిలో తీస్తే చాలంది. అయితే రెండు మినహాయింపులు పెట్టింది. ఓనర్ చేసిన పని వల్లే ప్రమాదం పెరిగితే ఈ రక్షణ ఉండదు. కిందటి తుఫాను మంచును తీయకుండా వదిలేసి, దాని మీద కొత్తది పడితే అప్పుడూ ఉండదు. రెండో మినహాయింపును గుర్తుపెట్టుకోవాలి. మంగళవారం మంచు తీయనివాడిని శుక్రవారం తుఫాను కాపాడదు.

న్యూయార్క్‌లోనూ, కనెక్టికట్‌లోనూ తుఫాను ఆగేదాకా ఆగొచ్చన్న నియమం ఎప్పటినుంచో ఉంది. న్యూయార్క్ నగరంలో పేవ్‌మెంట్‌కు గడువు కూడా ఉంది. మంచు ఆగిన నాలుగు గంటల్లో తీయాలి, రాత్రి 9 నుంచి ఉదయం 7 దాకా సమయం లెక్కలోకి రాదు. రాయిలా గడ్డకట్టి తీయడానికి వీల్లేకపోతే ఇసుకో, బూడిదో, రంపపు పొట్టో చల్లాలి.

ఇటీవల అన్నిటికన్నా పెద్ద మార్పు మిషిగన్‌లో వచ్చింది. కళ్ళ ముందే కనిపించే ప్రమాదానికి ఓనర్ బాధ్యత లేదన్న నియమం అక్కడ చాలా గట్టిగా ఉండేది. శీతాకాలంలో మిషిగన్‌లో ఐస్ ఉంటుందని ఎవరికి తెలియదు అంటూ కోర్టులు కేసు మీద కేసు కొట్టేసేవి. 2012లో ఐరన్‌వుడ్‌లోని ఒక జిమ్ గుమ్మం ముందు పడిన మహిళకు కూడా అదే జవాబు వచ్చింది: ఐస్ కనిపిస్తోంది, లోపలికి వెళ్ళక తప్పదని ఎవరూ బలవంతపెట్టలేదు. 2023 జూలై 28న ఒక గ్యాస్ స్టేషన్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఈ వరసకు ముగింపు పలికింది. ప్రమాదం కనిపిస్తోందా లేదా అన్నది ఓనర్‌కు బాధ్యత ఉందా లేదా అన్నదాన్ని తేల్చదు. బాధ్యత ఎటూ ఉంది. కనిపించడమనేది ఓనర్ తగిన జాగ్రత్త తీసుకున్నాడా, పడ్డవాడి తప్పు ఎంత అని తూచేటప్పుడు చూడాల్సిన విషయం. అప్పటిదాకా మొదట్లోనే కొట్టేసే కేసులు ఇప్పుడు జ్యూరీ దాకా వెళ్ళే అవకాశం పెరిగింది. ట్రాయ్, నోవై, కాంటన్ ప్రాంతాల్లో వ్యాపారాలున్నవాళ్ళు పాత మిత్రుల పాత సలహాతో ఇక నెట్టుకురాలేరు.

కుప్ప ఎక్కడ పెట్టారు?

రాష్ట్రమేదైనా, నియమమేదైనా, ఓనర్‌కు ఎక్కువగా చిక్కులు వచ్చేది ఒక్క చోట. అది మంచు పడ్డప్పుడు కాదు, కరిగినప్పుడు.

ఒక రెస్టారెంట్ లాట్‌ను ఊహించుకోండి. శనివారం తెల్లవారుజామున 5 గంటలకు ప్లో వచ్చి, మంచునంతా వెనకవైపు కాస్త ఎత్తుగా ఉన్న మూలకు నెట్టి వెళ్ళింది. 11 గంటలకు లాట్ నల్లగా, శుభ్రంగా కనిపిస్తోంది. మధ్యాహ్నం ఎండ కాసింది. కుప్ప అంచులు కరిగాయి. నీరు వాలు వెంట పలచటి పొరలా పారి, గుమ్మానికి దగ్గరగా వికలాంగుల కోసం వదిలిన స్థలాల మీదుగా డ్రెయిన్ వైపు సాగింది. డిసెంబర్‌లో నాలుగున్నరకల్లా చీకటి. ఆరున్నరకు గడ్డకట్టే చలి. ఏడింటికి డిన్నర్ జనం మొదలు. కిందనున్న తారు రంగే పైకి కనిపిస్తుంది కాబట్టి ఆ ఐస్ తడి నేలలా ఉంటుందే తప్ప ఐస్‌లా ఉండదు. చేతిలో బిర్యానీ పార్సిల్, పక్కన పిల్లాడు, నేల వైపు చూపు లేదు. ప్లో వచ్చి అప్పటికి పద్నాలుగు గంటలైంది. కాంట్రాక్టర్ తన పని తాను చేశాడు, ఓనర్ బిల్లు కట్టాడు, అయినా గుమ్మం ముందు బ్లాక్ ఐస్ ఉంది.

ఈ ఐస్ సహజమా? పాత నియమం ఉన్న రాష్ట్రాల్లో కూడా బాధితుడి లాయర్ మొదట పట్టుకునేది దీన్నే. కుప్పను వాలుకు పైన ఎందుకు పెట్టారు, డ్రెయిన్ దగ్గర పల్లంలో ఎందుకు పెట్టలేదు? పైకప్పు నీటిని దింపే గొట్టం నడకదారి మీదకే ఎందుకు తెరుచుకుంది? తారులో గుంట పడి నీరు నిలుస్తోందని ఎన్ని నెలలుగా తెలుసు? ఇవేవీ ఆకాశం నుంచి పడినవి కావు. "మంచు ముట్టుకోలేదు" అని చెప్పుకునే ఓనర్ కూడా గట్టర్ గొట్టాన్ని ఎక్కడో అక్కడ తెరిచి పెట్టినవాడే. ఏమీ చేయకపోతే క్షేమం అన్న లెక్క ఇక్కడే తప్పుతుంది. చాలా లాట్లలో ఐస్ ఎక్కడ కడుతుందన్నది వాలు, గొట్టం, గుంట ముందే నిర్ణయించేస్తాయి.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. శీతాకాలం రాకముందే, వాన కురిసిన రోజున లాట్ అంతా ఒకసారి నడిచి నీరు ఎటు పారుతోందో, ఎక్కడ నిలుస్తోందో చూడాలి. కుప్పలు ఎక్కడ పెట్టాలో ఒక కాగితం మీద గీసి కాంట్రాక్టర్‌కు ఇవ్వాలి. సాయంత్రం చలి ముదిరేముందు ఒకసారి, మూసేముందు మరోసారి చూసి, అవసరమైన చోట ఉప్పు వేయాలి.

ఎవరి పని, ఎవరి జేబు

స్ట్రిప్ మాల్‌లో అద్దెకున్న దుకాణదారులు చాలామంది పార్కింగ్ లాట్ ల్యాండ్‌లార్డ్ బాధ్యతేనని నిశ్చింతగా ఉంటారు. చాలాచోట్ల అది నిజమే. లాట్ ప్లో చేయించే ఖర్చును అందరి నుంచి కామన్ ఏరియా ఛార్జీల కింద వసూలు చేస్తారు. కానీ దుకాణం ముందున్న పేవ్‌మెంట్ అద్దెదారు పని అని అదే లీజులో వేరే పేజీలో రాసి ఉండటం మామూలే. మొత్తం స్థలం ఒక్కరికే లీజుకిస్తే కథ ఇంకా మారుతుంది. జెర్సీ సిటీలో ఒక కార్ల డీలర్ డ్రైవ్‌వేలో డెలివరీకి వచ్చిన వ్యక్తి ఐస్ మీద జారిపడ్డాడు. లీజులో మంచు గురించి ఒక్క మాట లేదు. స్థలమంతా అద్దెదారు చేతుల్లోనే ఉంది, ల్యాండ్‌లార్డ్‌కు దాని మీద అదుపు లేదు, కాబట్టి ల్యాండ్‌లార్డ్ బాధ్యుడు కాడని 2020లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పింది. లీజు ఏమీ అనకపోతే ఓనర్ చూసుకుంటాడులే అనుకునే అద్దెదారులు ఈ తీర్పు గురించి తప్పక తెలుసుకోవాలి.

ప్లో కాంట్రాక్టర్‌ను పెట్టుకుంటే బరువు దిగిపోయిందనుకోవడం మరో భ్రమ. న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం 2002లో దీన్ని తేటతెల్లం చేసింది. కాంట్రాక్టర్ ఒప్పందం ఓనర్‌తో, దారిన పోయేవాళ్ళతో కాదు. కాబట్టి పడ్డ మనిషికి కాంట్రాక్టర్ మామూలుగా బాధ్యుడు కాడు. అతనే కొత్త ప్రమాదం సృష్టిస్తేనో, అతను చేస్తాడన్న నమ్మకం మీద ఆధారపడి బాధితుడు దెబ్బతింటేనో, ఆ స్థలం భద్రత మొత్తం ఓనర్ స్థానంలో తానే నెత్తిన వేసుకుంటేనో తప్ప. మిగతా సందర్భాల్లో కేసు ఓనర్ దగ్గరే ఆగుతుంది.

అందుకే ఒప్పందంలో అక్షరాలు ముఖ్యం. మంచు రెండు అంగుళాలు పేరుకుంటేనే వస్తామని రాసే కాంట్రాక్టులు చాలా ఉంటాయి. పావు అంగుళం గడ్డకట్టే వాన పడితే లాట్ అద్దంలా మారుతుంది, మనుషులు ఎక్కువగా పడేది అలాంటి రోజునే. కానీ రెండు అంగుళాలు దాటలేదు కాబట్టి ఎవరూ రారు. ఉప్పు వేయడం "ఫోన్ చేస్తేనే" అని ఉంటే, ఫోన్ చేయని తప్పు ఓనర్‌ది అవుతుంది. కొందరు ఓనర్లు ఖర్చు తగ్గించుకోవడానికి ఉప్పు వద్దని చెబుతూనే, ఎవరు పడ్డా పూర్తి బాధ్యత కాంట్రాక్టర్‌దేనని సంతకం పెట్టించుకునేవాళ్ళు. ఇది అన్యాయమని ఇలినాయ్ 2016లో, కొలరాడో 2018లో చట్టాలు తెచ్చాయి. కాంట్రాక్టర్‌ను పని చేయవద్దని ఆపి, ఆ పని జరగనందుకు వచ్చిన నష్టాన్ని అతని మీదకే నెట్టే షరతులు అక్కడ చెల్లవు. ఇది సరైన చట్టమే. పని వద్దన్నవాడే దాని ఫలితం భరించాలి.

పని చేసే సిబ్బంది పడితే దారి వేరు. వాళ్ళ పరిహారం సాధారణంగా వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో గాయపడిన ఉద్యోగులకు పరిహారమిచ్చే ఏర్పాటు) కిందికి వస్తుంది, తప్పు ఎవరిదన్న ప్రశ్న అక్కడ రాదు. యజమాని అదుపులో ఉన్న లాట్‌లో ప్లో తగిలి గాయపడిన లైబ్రరీ ఉద్యోగికి కూడా ఇది వర్తిస్తుందని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2022లో చెప్పింది.

ఎవరైనా పడ్డాక

ముందు మనిషిని చూడాలి, అవసరమైతే 911కి ఫోన్ చేయాలి. ఆ తర్వాత జారిన చోటును, కాస్త దూరం నుంచి లాట్ మొత్తాన్ని ఫోటోలు తీయాలి. వెంటనే అక్కడ ఉప్పు వేయాలి. ఇక్కడ ఇంకో దురభిప్రాయం అడ్డొస్తుంది: ఇప్పుడు శుభ్రం చేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని కొందరు అలాగే వదిలేస్తారు. ఫెడరల్ సాక్ష్య నియమాల్లో 407వ నియమం సరిగ్గా ఈ భయాన్ని తీర్చడానికే ఉంది. ప్రమాదం జరిగాక తీసుకున్న జాగ్రత్తను నిర్లక్ష్యానికి రుజువుగా వాడుకోవడానికి అది ఒప్పుకోదు. చాలా రాష్ట్రాల్లోనూ ఇలాంటి నియమమే ఉంది. వదిలేయడం వల్ల నిజంగా జరిగేదేమిటంటే, మరో గంటలో అదే చోట రెండో మనిషి పడతాడు. ఆ ఐస్ సంగతి తెలియదని అప్పుడు ఎవరూ అనలేరు.

సీసీ కెమెరా రికార్డింగ్‌ను వెంటనే భద్రపరచాలి. పడిన ఐదు నిమిషాలు కాదు, దానికి ముందు చాలా గంటలది. ఉదయం ఎవరు ఉప్పు చల్లారో, ఎన్ని కార్లు తిరిగాయో అందులోనే ఉంటుంది. కొద్ది రోజులకే పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది. ఆ తర్వాత "కెమెరా ఉంది కదా, ఏది?" అన్న ప్రశ్నకు సమాధానం చెప్పుకోవడం కష్టం. ఇన్సూరెన్స్ కంపెనీకి ఆరోజే తెలియజేయాలి. "బిల్లంతా మేం కడతాం" అని ఓనర్ అక్కడికక్కడే మాట ఇవ్వకూడదు. వ్యాపార లయబిలిటీ పాలసీల్లో తప్పు ఎవరిదన్నదానితో పని లేకుండా చిన్న వైద్య ఖర్చులు భరించే భాగం ఒకటి సాధారణంగా ఉంటుంది, చాలాసార్లు 5,000 డాలర్ల దాకా. గాయం చిన్నదైతే దాంతోనే వ్యవహారం సామరస్యంగా తేలిపోవచ్చు.

పడ్డవాళ్ళ వైపు కూడా చట్టం చూస్తుంది. వాళ్ళ అజాగ్రత్త ఎంతన్నది శాతాల్లో లెక్కగడతారు. నష్టం 1,00,000 డాలర్లనీ, అందులో 30 శాతం తప్పు కస్టమర్‌దేననీ జ్యూరీ అనుకుంటే చేతికొచ్చేది 70,000. న్యూజెర్సీలో, మసాచుసెట్స్‌లో కస్టమర్ తప్పు సగం దాటితే ఏమీ రాదు. న్యూయార్క్‌లో 80 శాతం తప్పున్నా మిగిలిన 20 శాతం వస్తుంది. గడువులూ ఉన్నాయి. కేసు వేయడానికి న్యూజెర్సీలో రెండేళ్ళు, న్యూయార్క్‌లో మూడేళ్ళు. మసాచుసెట్స్‌లో మంచు వల్ల గాయమైతే 30 రోజుల్లో ఓనర్‌కు నోటీసు ఇవ్వాలి. సరిహద్దు దాటితే కెనడాలోని ఒంటారియోలో కూడా 2021 జనవరి 29 నుంచి ప్రైవేటు స్థలాల్లో పడితే 60 రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలన్న నిబంధన వచ్చింది. తెలుగు కుటుంబాలకు ఈ సంగతులు ఓనర్లుగానే కాదు, పడ్డవాళ్ళుగా కూడా పనికొస్తాయి. బిడ్డల దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులు మంచులో నడక అలవాటు లేక జారిపడటం, మందుల ఖర్చు చూసి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తడం తెలియని సంగతి కాదు.

ఇన్ని కేసుల్లో చివరికి గెలుపోటములను తేల్చేది తరచుగా ఒక మామూలు నోట్‌బుక్. ఏ తేదీన, ఎన్నింటికి, ఎవరు, లాట్‌లో ఏ భాగం చూశారు, ఎంత ఉప్పు వేశారు, ఉష్ణోగ్రత ఎంత. వాతావరణ శాఖ రికార్డులను కోర్టుకు వివరించే నిపుణులను రెండు వైపులా పెట్టుకుంటారు. మంచు ఎన్నింటికి ఆగిందో, ఎన్నింటికి గడ్డకట్టే చలి వచ్చిందో వాళ్ళు గంటల వారీగా చెబుతారు. వాళ్ళ పట్టిక పక్కన ఓనర్ పెట్టగలిగేది తన నోట్‌బుక్ ఒక్కటే. "రోజూ చూస్తూనే ఉంటాం" అన్న మాట ఆ పట్టిక ముందు నిలవదు.

భయంతో వేసే ఉప్పు

కేసుల భయం ఇంకో నష్టం కూడా తెస్తోంది. అది కోర్టుల్లో కనిపించదు. కొందరు ఓనర్లు మంచు ముట్టుకోరు, మరికొందరు అడుగు తీసి అడుగు వేస్తే కరకరలాడేంత ఉప్పు గుమ్మరిస్తారు. మామూలు రాతి ఉప్పు 15 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మైనస్ 9 సెల్సియస్ కంటే కిందికి దిగితే పెద్దగా పనిచేయదు. అప్పుడు కాల్షియం క్లోరైడ్ లాంటివి వాడాలి, లేదా కాలికి పట్టు కోసం ఇసుక చల్లాలి. ఆ చలిలో ఎంత ఉప్పు పోసినా డబ్బు దండగే. పనిచేసే చలిలోనూ కావాల్సింది కొంచెమే. పేవ్‌మెంట్ పలకలు పదింటికి ఒక పెద్ద కాఫీ మగ్గుడు సరిపోతుంది.

మిగిలిందంతా కరిగి వాగుల్లోకి, చెరువుల్లోకి, భూగర్భ జలాల్లోకి పోతుంది. ఒకసారి నీటిలో కలిసిన ఉప్పులోని క్లోరైడ్‌ను తిరిగి తీయడానికి సులువైన దారి లేదు. ఐదు గ్యాలన్ల నీటిని పాడుచేయడానికి ఒక్క టీస్పూన్ ఉప్పు చాలని మిన్నెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ చెబుతుంది. మినియాపోలిస్, సెయింట్ పాల్ పరిసరాల్లో వేసిన రోడ్డు ఉప్పులో 70 శాతం దాకా అక్కడి నీటి వనరుల్లోనే ఉండిపోతోందని మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు.

న్యూహ్యాంప్‌షైర్‌కు ఈ సమస్య ఐ-93 హైవే వెడల్పు చేసేటప్పుడు ఎదురైంది. చుట్టుపక్కల వాగుల్లో క్లోరైడ్ అప్పటికే హద్దు దాటింది. వెతికితే, హైవేతోపాటు ప్రైవేటు పార్కింగ్ లాట్ల వాటా కూడా పెద్దదని తేలింది. లాట్ల కాంట్రాక్టర్లను అడిగితే వచ్చిన జవాబు ఒకటే: తక్కువ వేస్తే ఎవరైనా పడితే కేసు పెడతారు. ఉప్పు తగ్గించండని ఎంత చెప్పినా, ఆ భయం తీర్చకుండా లాభం లేదు. 2013లో ఆ రాష్ట్రం భయం మూలానికే వెళ్ళింది. ఉప్పు తగుమాత్రంగా వాడటంలో శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ పొందిన కాంట్రాక్టర్‌కూ, అతన్ని పెట్టుకున్న ఓనర్‌కూ మంచు, ఐస్ కేసుల నుంచి రక్షణ ఇచ్చింది. ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే మాత్రం ఆ రక్షణ ఎగిరిపోతుంది. ఓనర్లు ఏమీ చేయకుండా ఉండటానికీ, చేతికందినంత గుమ్మరించడానికీ మధ్య ఒక దారి వేసిన చట్టం ఇది. మంచు పడే మిగతా రాష్ట్రాలన్నీ దీన్ని చూసి నేర్చుకోవాలి.

ఆ రక్షణకు ఒక షరతు ఉంది. ఏ తేదీన వేశారు, ఏ రకం ఉప్పు, ఎంత మోతాదు, ఆ సమయంలో వాతావరణం ఎలా ఉంది అన్నది ప్రతిసారీ రాసిపెట్టాలి. ఆ రికార్డును మూడేళ్ళు భద్రపరచాలి.